కోతల పద్దు

పోర్చుగల్‌లో, సెతూబల్ రేవుకి
సార్డీన్ల పడవ ఏ రాత్రి చేరితే ఆ రాత్రే
తాతయ్య ఫ్యాక్టరీ కూత వేసేదట.
ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో గొంతు.
నిద్రలోనే తమ కూత పోల్చుకుని
ఆడవాళ్లు ఏప్రాన్లు ముడేసుకుంటూ చీకట్లోకి పరుగెత్తేవారట.
ఇదంతా విన్నది. నేను పుట్టేసరికి
బాయిలర్ చల్లారి తొమ్మిదేళ్లు.

నది ఒడ్డు స్థలం హోటల్ వాళ్లు కొన్నారు.
డబ్బు వచ్చింది, ఒక్కసారే, సిగ్గుపడేంత.
అన్సెల్మో క్వరెజ్మ ఫౌండేషన్.
పేరు నిమిషంలో కుదిరింది.
"ఉద్దేశం?" అన్నాడు వకీలు కలం పట్టుకుని.
అందరూ నీళ్లు నమిలారు.
బెల్మీరు మామయ్య విగ్రహం అన్నాడు, కంచుది, టోపీతో సహా.
అమ్మ చర్చి పైకప్పు అంది, మళ్లీ తనే వద్దంది.
దస్తూరీ బాగుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు.
మొదటి మినిట్స్ సార్డీన్ లేబుళ్ల వెనక రాశాను.
కాగితం లేక కాదు, లేబుళ్లు అన్ని పెట్టెలు మిగిలాయి.

లియోనిల్డ్ పెద్దమ్మ అంతసేపూ మాట్లాడలేదు.
లేచి వెళ్లి వంటింటి అటక మీంచి
నూనె మరకల పుస్తకం ఒకటి దించుకొచ్చింది.
కుడిపక్క గడి పేరు: కోతలు.
ఆలస్యానికి రెండు ఎస్కుడోలు.
బిడ్డకి పాలిచ్చిన పావుగంటకి ఒకటి.
వేలు తెగి నెత్తురు పడ్డ చేపలకి, చేపల ఖరీదంతా.
ప్రతి అంకే గుండ్రంగా, ముత్యంలా.
"పదిహేడేళ్లప్పటి నా రాత," అంది.
"నాన్న ఎంత మురిసిపోయేవాడో."

తాతయ్య చేతికి ఎముక లేదని ఊరంతా చెప్పుకునేది.
పండక్కి రొట్టెలు పంచేవాడు, నిజమే.
ఉప్పునీళ్లలో ఎముకదాకా నానిన చేతులు
వేరేవాళ్లవి.

వకీలు గొంతు సవరించుకున్నాడు:
"ధర్మసంస్థ పత్రంలో అప్పు అనే మాట కుదరదమ్మా."
"అయితే ధర్మమనే రాసుకో. తీర్చేది మేం తీరుస్తాం."

పుస్తకంలో పేర్లు రెండువందల పన్నెండు.
మొదటి ఏడు దొరికింది పదకొండు మంది.
ఒకామె కొడుకు మా మొహాన తలుపేశాడు.
ఇంకొకామె "ఇన్నాళ్లకా?" అని, కాఫీ పెట్టింది.
డియోలిందా, డబ్బాలకి మూతలు బిగించే యంత్రం పక్కన
ఇరవైరెండేళ్లు నిలబడ్డ మనిషి,
మా మాటల్ని పెదాల మీద చదువుకుంది.
మా మొదటి ఖర్చు ఆమె చెవి మెషిన్.
పెట్టగానే ఉలిక్కిపడి "ఏమిటా చప్పుడు?" అంది.
ఫ్రిజ్.
రసీదులో నేను టైపు చేసిన "కృతజ్ఞతలతో" అన్న మాట
పెన్సిల్ అడిగి మరీ కొట్టేసి
"ముట్టింది" అని రాసి సంతకం పెట్టింది.
మా ఫారం ఇప్పటికీ అలాగే అచ్చవుతోంది.

రెండో ఏడు ఒక గది. కింద చేపల కొట్టు, పైన మేము,
ఫైళ్లకి కూడా వాసన.
రాత్రి షిఫ్టు తల్లుల పిల్లలకి పన్నెండు మంచాలు,
చాలక పద్దెనిమిది.
ఆసుపత్రి నేలలు తుడిచే కేప్ వెర్డ్ అమ్మాయిలు,
పుస్తకంలో పేరు లేనివాళ్లు, గుమ్మంలో నిలబడితే
పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని
"ఇంకో పుస్తకం తెరువు" అంది నాతో.
విగ్రహం అడిగిన మామయ్యే ఇప్పుడు వ్యాను నడుపుతున్నాడు.
పిల్లలు వాంతి చేసుకుంటే తుడుస్తాడు, తిట్టుకుంటూ.

మూడో వార్షికోత్సవం నాడు
తుక్కు కొట్టులో దొరికిన ఫ్యాక్టరీ కూతని
మామయ్య మెరిసేలా తోమి, కంప్రెసర్ తగిలించి,
అందరినీ ఆశ్చర్యపరుద్దామని, చెప్పకుండా మీట నొక్కాడు.

పెరట్లో కేకు తింటున్న ముసలమ్మలు
పళ్లేలు వదిలి లేచారు, ఒక్కసారే.
చేతులు నడుము వెనక్కి వెళ్లి
లేని ముడి కోసం వెతికాయి.

డియోలిందా ఒక్కతే కూర్చుంది.
చెవిలోంచి మెషిన్ తీసి
కేకు పక్కన పెట్టింది.
మామయ్య వైపే చూసింది, కోపంగా కాదు,
అతను మీట మీంచి చెయ్యి తీసేదాకా.

ఆ రోజు మినిట్స్‌లో సమయం రాశాను, నాలుగూ ఇరవై.
ఇంకేం రాయాలో తోచలేదు.
పెద్దమ్మ నా చేతిలోంచి కలం తీసుకుని
అదే గుండ్రటి రాతతో
కుడిపక్క గడి ఒకటి గీసి, ఏదో అంకె వేసింది.
ఎంతో నాకు చూపించలేదు.